పొయ్యి వదిలేసి వెళ్ళిన ఇల్లు

జనవరి మొదటి మంగళవారం ఉదయం రోసమెల్ కార్కామో చెయ్యాల్సిన పనులు రెండే. రొట్టె తిని మాతే ఆకుల టీ తాగడం, ఆ తర్వాత కంచెకి బోర్డు కొట్టడం. మొదటి పని అతను ఎప్పుడూ వాయిదా వెయ్యలేదు. రెండో పనిని నవంబరు నుంచీ వాయిదా వేస్తూనే ఉన్నాడు. అందుకని ఆ రోజు భార్య ఔదోలియా బోర్డు తెచ్చి రొట్టెల పళ్ళెం పక్కనే పెట్టింది. దాని మీద "స్థలం అమ్మబడును" అని పెద్దపెద్ద నీలం అక్షరాలతో రాసి ఉంది.

"తిన్నాక కొడతావా, కొట్టాక తింటావా?" అంది.

"కొడతానే. కాస్త ఎండ రానీ."

"ఎండొస్తే కొనేవాళ్ళూ వస్తారు. మన బోర్డు లేకపోతే మీ బావ సొఫనోర్ గేటు దగ్గరే ఆగిపోతారు."

ఆ పేరు వినగానే రోసమెల్ సుత్తి తీసుకుని బయటకు నడిచాడు.

లెముయ్ దీవిలో స్థలాలు అమ్ముకునే కాలం సరిగ్గా రెండు నెలలు, అంటే అక్కడి వేసవి. జనవరి ఒకటిన బల్లకట్టు మీద నుంచి రాజధాని శాంతియాగో కార్లు దిగడం మొదలవుతుంది, ఫిబ్రవరి ఆఖరుకి అవన్నీ తిరిగి ఎక్కిపోతాయి. ఈ మధ్యలో వరసగా నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు, పట్నం వాళ్ళు సముద్రం వంక చూసి ఒక నిట్టూర్పు విడిచి, కారు అద్దం దించి ధర అడుగుతారు. అమ్మేవాళ్ళు ముందు కారు వంక చూసి, ఆ తర్వాత ధర చెబుతారు. చక్రాలు ఎంత వెడల్పయితే ధర అంత. మార్చిలో వాన పట్టుకుందంటే కొనేవాడు ఉండడు సరికదా, అమ్మేవాడికే తను ఇక్కడ ఎందుకు ఉంటున్నాడా అని అనుమానం వస్తుంది. పైగా ఆ ఏడు వాళ్ళ పుల్కావ్ ఊళ్ళో గేటుకొక బోర్డు వేలాడుతోంది. అమ్మేవాళ్ళు ఎక్కువై, కొనేవాళ్ళకి తెలివి ఎక్కువైంది. "చూసి చెబుతాం" అని అద్దం పైకెత్తేస్తున్నారు.

రోసమెల్‌కి మాత్రం ఈ వేసవి దాటకూడదు. వాళ్ళ ఇల్లు సముద్రపు ఒడ్డున ఉంది. పెద్ద రోడ్డూ, ఆరోగ్య కేంద్రమూ వాలు పైన ఉన్నాయి. అక్కడికి ఎక్కే దారి నిటారుగా ఉంటుంది, ఔదోలియా మోకాళ్ళకి అది గిట్టదు. పోయిన చలికాలం ఆమెకు జ్వరమొస్తే, చుట్టూ తిరిగొచ్చే తూర్పు రోడ్డు బురదై అంబులెన్సు పైనే ఆగిపోయింది. రోసమెల్, సొఫనోర్ ఆమెను వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళారు. జ్వరం మూడు రోజుల్లో తగ్గింది గాని, ఆ కుర్చీలో తనను ఊరంతా చూసిందన్న కోపం ఇంకా తగ్గలేదు. "ఇంకో చలికాలం ఈ ఒడ్డున ఉండను. ఉంటే నువ్వు ఉండు," అని ఆమె తేల్చి చెప్పింది. ఆరోగ్య కేంద్రం పక్కనే ఆమెకు పిన్ని రాసిచ్చిన చిన్న నేల ముక్క ఉంది. ఒడ్డు స్థలం అమ్మి, ఆ డబ్బుతో పైన వేడినీళ్ళ స్నానాలగది కట్టుకుని, హాయిగా ఉండాలని వాళ్ళ ఆలోచన.

మరి ఇల్లు? ఇంటి సంగతి వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికి ఏముంది? మనం వెళ్తే మన ఇల్లూ వస్తుంది. రోసమెల్ తండ్రి ఆ ఇంటిని ఎదుటి చెలీన్ దీవిలో కొని, పోటు నీళ్ళ మీద తేలించి, పడవల వెనక కట్టి లాక్కొచ్చాడు. ఆ దీవుల వాళ్ళకి ఇల్లంటే మంచం లాంటిదే. కాకపోతే కాస్త పెద్ద మంచం.

బోర్డు కొట్టిన తొమ్మిదో రోజున వెడల్పు చక్రాల కారొకటి వచ్చి ఆగింది. శాంతియాగోలో పళ్ళ డాక్టరు క్రిస్తోబల్ ఫుయెన్సాలిదా, ఆయన భార్య త్రినిదాద్ దిగారు. డాక్టరు స్థలమంతా అడుగులు వేసి కొలుచుకున్నాడు. త్రినిదాద్ స్థలం వంక చూడనే లేదు. తిన్నగా ఇంటి దగ్గరికి వచ్చి, గోడల మీది చెక్క పెంకుల్ని పసిపిల్ల బుగ్గలు నిమిరినట్టు నిమిరింది. లోపల కూర్చుని ఔదోలియా ఇచ్చిన టీ తాగినంతసేపూ "ఎంత బాగుంది! ఎంత బాగుంది!" అంటూనే ఉంది. ఇంటికొచ్చిన మనిషి ఇల్లు మెచ్చుకోవడం మర్యాద. పట్నంలో మర్యాద కాస్త ఎక్కువ కాబోలు అనుకున్నాడు రోసమెల్.

"ఇల్లు గట్టిదేనాండీ?" అంటూ డాక్టరు, పన్ను చూసినట్టు గోడను వేలితో కొట్టి చూశాడు.

"గట్టిదా? సముద్రం మీద ఈదుకుంటూ వచ్చిందండీ ఇది! ఒక్క పెంకు ఊడితే ఒట్టు."

దంపతులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మురిసిపోయారు. తను కవిత్వం చెబుతున్నాడని వాళ్ళు అనుకున్నట్టు రోసమెల్‌కి తర్వాతెప్పుడో గాని తెలియలేదు.

ధర అడిగారు. రోసమెల్ కిటికీలోంచి కారు చక్రాల వంక ఒకసారి చూసి, గుండె చిక్కబట్టుకుని "ఏడు కోట్ల పెసోలు" అన్నాడు. డాక్టరు "సరే" అన్నాడు. బేరం లేదు, నసుగుడు లేదు. రోసమెల్ నీరుగారిపోయాడు.

"తక్కువ చెప్పానే," అని వంటింట్లోకి వచ్చి గొణిగాడు.

"నోరు మూసుకుని నవ్వుతూ ఉండు," అంది ఔదోలియా.

అప్పుడే త్రినిదాద్ వంటింట్లోకి వచ్చి, నల్లటి ఇనప కట్టెల పొయ్యి ముందు నిలబడిపోయింది.

"ఔదోలియా గారూ, ఒక్కటి అడుగుతాను, కాదనకండి. ఈ పొయ్యి మాకు వదిలేస్తారా?"

"పొయ్యా? దేనికమ్మా?"

"దేనికేమిటండీ! పొద్దున్నే లేచి, దీని పక్కన కూర్చుని సముద్రం చూస్తూ కాఫీ తాగుతాను."

ఔదోలియా భర్తను పక్కకి లాగింది. "పొయ్యి ఒక్కటీ ఉంచమంటోందయ్యా. వానకి తుప్పు పట్టిపోదూ?"

"గుడారమేదో వేసుకుంటారేమో, మనకెందుకు? బేరమైనా ఆడని మనుషులు. ఇచ్చెయ్యి."

ఔదోలియాకి ప్రాణం ఒప్పలేదు గాని ఇచ్చేసింది. ఆకాశం కింద పొయ్యి పెట్టుకుని కాఫీ కాచుకునే ఆ పట్నం పిల్లను చూసి ఆమెకు జాలి కూడా వేసింది. ఫిబ్రవరి ఇరవై శుక్రవారం వస్తామనీ, సోమవారం కాస్త్రో టౌనులో నోటరీ దగ్గర సంతకాలు పెట్టుకుందామనీ చెప్పి వాళ్ళు వెళ్ళిపోయారు.

రోసమెల్ మర్యాదస్తుడు. వేరేవాళ్ళు కొనుక్కున్న స్థలంలో తన ఇల్లు ఒక్క పూటైనా నిలబెట్టుకోవడం అతనికి నచ్చదు. శుక్రవారం వాళ్ళు వచ్చేసరికి స్థలం అరచెయ్యిలా ఉండాలి. కాబట్టి గురువారమే ఇల్లు లాగెయ్యాలి.

ఇల్లు లాగాలంటే టోపీ చేత్తో పట్టుకుని గడప గడపకీ వెళ్ళి అడగాలి. అడిగితే ఎవరూ కాదనరు. ఎవరూ డబ్బు పుచ్చుకోరు. ఇంటివాడు అందరికీ కడుపు నిండా భోజనం పెట్టాలి, రేపు వాళ్ళు ఇల్లు లాగేటప్పుడు పిలిస్తే వెళ్ళాలి. అంతే. రోసమెల్ వారం రోజులు తిరిగి అందరినీ అడిగాడు. ఆఖరికి తప్పనిసరై సొఫనోర్ బర్రీయా గడప తొక్కాడు. దీవిలో అందరికంటే బలమైన ఎద్దులు సొఫనోర్‌వి. రోసమెల్ పెద్దకూతురికి బాప్తిస్మం ఇప్పించిన జ్ఞానతండ్రి కూడా అతనే, కాబట్టి ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు, తిట్టుకునేటప్పుడు కూడా. సొఫనోర్‌కి వాలు మధ్యలో ఒక ముక్క ఉంది. రెండు వేసవులుగా దాన్ని నాలుగు కోట్లకి అమ్మజూపుతున్నాడు. ఒక్క కారు కూడా ఆగలేదు.

"ఏడు కోట్లా? ఆ బురద ఒడ్డుకా?" అన్నాడు సొఫనోర్. "ముందే తెలిస్తే నీ దగ్గర పనికి చేరేవాణ్ణి కదా బావా."

"నీ వాలు మీద ఏముంది బావా, ముళ్ళకంపలూ గాలీ తప్ప?"

"గాలికి నేనేమీ ధర కట్టలేదే."

"ఎద్దులు ఇస్తావా, ఇవ్వవా?"

"ఇవ్వనని ఎవడన్నాడు? నా ఎద్దులు లేకుండా నీ ఇల్లు కాదు, నీ కోళ్ళగూడు కూడా కదలదు. కానీ రోడ్డు చుట్టూ తిప్పితే రెండు రోజులు. నా వాలు మీదుగా అయితే ఒక్క పూట. మరి కంపలు కొట్టుకోవాలి నువ్వు."

ఆ విధంగా రోసమెల్ మూడు రోజులు ఎండలో నిలబడి, తన ఖర్చుతో సొఫనోర్ ముక్కంతా శుభ్రం చేశాడు. సొఫనోర్ కంచె మీద కూర్చుని "ఆ మూల కూడా బావా, ఆ మూల" అని చూపిస్తూ వచ్చాడు.

గురువారం వచ్చింది. ఎనభై మంది జనం, పద్నాలుగు జతల ఎద్దులు. ఇంటికింద రెండు పొడవాటి మొద్దులు దూర్చారు, కిటికీల అద్దాలు తీసేశారు, లోపల గోడలకి అడ్డకర్రలు బిగించారు, కప్పు మీద జెండా కట్టారు. పొగగొట్టాన్ని కప్పులోంచి జాగ్రత్తగా కిందికి దింపి, మాట ప్రకారం పొయ్యిని బయటికి మోసి, గొట్టాన్ని మళ్ళీ దాని మీదే నిలబెట్టారు. పైన పిన్ని ముక్కలో ఆడవాళ్ళు అప్పటికే గొయ్యి తవ్వి, కాల్చిన రాళ్ళ మీద ఆల్చిప్పలూ పంది మాంసమూ బంగాళదుంపలూ పరిచి ఆకులు కప్పేశారు. ఇల్లు పైకి చేరేసరికి భోజనం సిద్ధంగా ఉంటుంది.

"నువ్వు మెల్లగా ముందు నడు," అన్నాడు రోసమెల్ భార్యతో.

"నేను నడవను. ఇంట్లోనే వస్తా."

"ఇంట్లో మనిషి ఉండకూడదే, ప్రమాదం."

"నలభై ఏళ్ళుగా ఉంటున్నాను. ఇప్పుడొచ్చిందా ప్రమాదం?"

ఔదోలియా దుంపల గిన్నె ఒళ్ళో పెట్టుకుని వంటింటి కిటికీ దగ్గర కూర్చుంది. సొఫనోర్ కేక పెట్టాడు. మోకులు బిగిశాయి. ఇల్లు ఒకసారి మూలిగి, అటూ ఇటూ ఊగి, లేచి నడక మొదలుపెట్టింది. చాలా ఏళ్ళ తర్వాత ఔదోలియా మొదటిసారి ఆ వాలుని మోకాళ్ళ నొప్పి లేకుండా ఎక్కింది. దారిలో తెలిసినవాళ్ళు కనిపిస్తే కిటికీలోంచి తల ఊపింది కూడా.

పదకొండు గంటలకి ఇల్లు సొఫనోర్ ముక్క మధ్యకి వచ్చింది. రోసమెల్ పక్కనే మోకు పట్టుకుని లాగుతున్నది ఆ దీవి పోలీసు ఠాణాకి పెద్ద, సార్జెంట్ మన్సీయా. చొక్కా చేతులు పైకి మడిచి, చెమటలు కక్కుతున్నాడు. అతని జేబులో ఫోను మోగింది. మోకు వదలడానికి వీల్లేదు కాబట్టి, ఒక చేత్తో ఫోను తీసి గొంతు పెద్దగా వినబడేలా పెట్టి భుజం మీద ఇరికించుకున్నాడు.

"ఠాణా. మన్సీయాని."

"సార్! దొంగతనం! మా ఇల్లు పోయింది!"

"ఇంట్లో ఏం పోయిందండీ?"

"ఇంట్లో కాదు సార్, ఇల్లే! ఇల్లే లేదు! పొయ్యి ఒక్కటే ఉంది!"

ఆ గొంతు పళ్ళ డాక్టరుదని రోసమెల్ గుర్తుపట్టలేదు. ఎవరో పాపం అనుకున్నాడు. వేసవిలో బల్లకట్టు దగ్గర కార్ల బారు చాంతాడంత ఉంటుందని భయపడి డాక్టరు దంపతులు ఒకరోజు ముందే బయల్దేరారనీ, తూర్పు రోడ్డున తిరిగి ఒడ్డుకి చేరారనీ అతనికేం తెలుసు?

సార్జెంట్ రొప్పుతూనే వివరాలు అడిగాడు. డ్యూటీ డ్యూటీయే కదా.

"ఇంటి రంగు?"

"పసుపు. ఎర్ర కిటికీలు."

సార్జెంట్ మెల్లగా తలెత్తి ముందుకి చూశాడు.

"కప్పు మీద జెండా ఉందా?"

"జెండా ఏమిటి? మేం చూసినప్పుడు లేదు."

"ఇప్పుడుంది. వంటింటి కిటికీలో ఒకావిడ దుంపలు చెక్కుతుంటుందా?"

"ఏం మాట్లాడుతున్నారు సార్? ఇల్లు పోయిందంటుంటే దుంపలేమిటి!"

"బాబూ, కంగారు పడకండి. ఒకసారి వెనక్కి తిరిగి, వాలు మీదికి చూడండి," అన్నాడు సార్జెంట్.

ఫోనులో చెప్పులు గులకరాళ్ళ మీద గిర్రున తిరిగిన చప్పుడు. ఆ తర్వాత ఒక ఆడమనిషి కేక. ఫోనులో కంటే ఒడ్డు నుంచే అది ఎక్కువగా వినిపించింది. ఎనభై మందీ ఒక్కసారిగా ఆగి వెనక్కి చూశారు. మనుషులు ఆగితే ఎద్దులూ ఆగాయి.

"ఆపకండిరా! వాలు మీద ఆపకూడదురా!" అని సొఫనోర్ గొంతు చించుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ముందు రోజు పడిన జల్లుకి నేల మెత్తగా ఉంది. మొద్దులు జానెడు లోతున బంకమట్టిలోకి దిగబడ్డాయి. ఇల్లు ఒకసారి నిట్టూర్చినట్టు చప్పుడు చేసి, ఎవరో అక్కడే కట్టినట్టు, తిన్నగా, ముచ్చటగా కూర్చుండిపోయింది.

దంపతులిద్దరూ పరుగెత్తుకుంటూ వాలెక్కి వచ్చారు. డాక్టరు ఇంటికి అడ్డంగా నిలబడ్డాడు.

"రోసమెల్ గారూ! మా ఇంటిని ఎక్కడికి తీసుకుపోతున్నారు?"

"మీ ఇల్లేమిటండీ? ఇది మా ఇల్లు. మీరు కొన్నది స్థలం. బోర్డు మీద రాశాను కదా."

"స్థలమంటే దాని మీద ఉన్న ఇల్లు కూడా కదండీ! ఎక్కడైనా ఇల్లు పట్టుకుపోతారా?"

"ఎక్కడైనా ఇల్లు వదిలేసి పోతారా?" అన్నాడు రోసమెల్. అతనికి నిజంగానే ఆశ్చర్యం వేసింది. ఎనభై మందీ తలలూపారు. వెనక ఎవరో "వదిలేస్తారట, ఇల్లు!" అని ముక్కు మీద వేలేసుకున్నారు.

"మరి పొయ్యి ఇచ్చారు కదా!" అని త్రినిదాద్ ఏడుపు గొంతుతో అంది.

"అడిగితే ఇచ్చామమ్మా. ఇల్లు కూడా అడిగితే, అప్పుడే కాదని చెప్పేవాళ్ళం."

డాక్టరు సార్జెంట్ వైపు తిరిగాడు. "సార్, మీరు చెప్పండి. చట్టం ఏమంటుంది?"

"చట్టం ఏమన్నా అంటే రేపు ఠాణాలో చెబుతానండీ. ఇవాళ నేను మోకు మీద ఉన్నాను," అన్నాడు సార్జెంట్.

ఇంతలో కిటికీలోంచి ఔదోలియా తల బయటపెట్టింది. "ఆ అమ్మాయిని ఎండలో నిలబెట్టి అరుస్తారేమిటి? లోపలికి రా అమ్మా. టీ పెడదామంటే పొయ్యి మీ దగ్గరుంది. నీళ్ళైనా తాగు."

త్రినిదాద్ దులిపేద్దామనే లోపలికి వెళ్ళింది. బయట అందరూ చెవులు రిక్కించారు. కేక వినబడలేదు. ఏడుపూ వినబడలేదు. కాసేపటికి కిటికీ దగ్గర ఆమె మొహం కనబడింది. కింద ఒడ్డున ఆ కిటికీలోంచి చూస్తే కనిపించేవి చెక్క రేవూ, ఆల్చిప్పల పెంపకం వాళ్ళ ప్లాస్టిక్ బుడగలూ. వాలు మీద నుంచి సముద్రపు పాయ అంతా పరుచుకుని ఉంది, అందులో మూడు దీవులు, వాటి వెనక ఆకాశంలోకి పొడుచుకొచ్చిన తెల్లటి మంచుకొండ.

"క్రిస్తోబల్," అంది త్రినిదాద్ మెల్లగా. "ఇక్కడే. ఇంక కదపొద్దని చెప్పు."

మోకుల దగ్గర గుసగుసలు పుట్టాయి. సొఫనోర్ టోపీ సర్దుకుని ముందుకొచ్చాడు. డాక్టరు కారు కిందెక్కడో ఉంది కాబట్టి చక్రాలు చూడటం కుదరలేదు. త్రినిదాద్ మొహం చూసి ధర నిర్ణయించాడు.

"ఈ ముక్క నాదండీ. ఏడు కోట్లు."

"మొన్నటిదాకా నాలుగు కదయ్యా!" అన్నాడు రోసమెల్.

"మొన్న దీని మీద ఇల్లు లేదు బావా."

"ఇల్లు నాది!"

"నాదని నేనన్నానా? నీ ఇల్లు నువ్వు పట్టుకుపో. నా ఎద్దులు మాత్రం అలిసిపోయాయి."

రోసమెల్ ఎద్దుల వంక చూశాడు. అవి నిజంగానే పడుకుని నెమరువేస్తున్నాయి. డాక్టరు చేతులెత్తేశాడు. "అయ్యా, నా దగ్గరున్నది ఏడు కోట్లే. ఈ ఇల్లూ, ఈ నేలా కలిపి ఇస్తే తీసుకుంటాను. కింది స్థలం నాకొద్దు. మీరూ మీరూ తేల్చుకోండి. లేదంటే మధ్యాహ్నం బల్లకట్టుకి వెళ్ళిపోతాం."

తేల్చుకోవడానికి ఎనభై మందీ కూర్చున్నారు. నేల లేకపోతే ఇల్లెక్కడ నిలబడుతుందని సగం మంది. ఇల్లు లేకపోతే ఆ నేలని రెండేళ్ళు ఎవడు చూశాడని మిగతా సగం. పై నుంచి కాలుతున్న పంది మాంసం వాసన వస్తోంది. ఆకలి పెరిగేకొద్దీ న్యాయం త్వరగా తేలింది. చెరి సగం అన్నారు. మూడున్నర, మూడున్నర.

రోసమెల్ కిటికీ కిందికి వెళ్ళాడు. అతని గొంతు తగ్గిపోయింది.

"ఏమంటావే? ఇద్దరు పిల్లలూ ఈ ఇంట్లోనే పుట్టారు."

"పిల్లలు కాస్త్రోలో ఉన్నారు. మోకాళ్ళు నాతో ఉన్నాయి," అంది ఔదోలియా. ఆమె దుంపా కత్తీ గిన్నెలో పెట్టేసింది. గోడ మీద చెయ్యి వేసి, "మామగారు తెచ్చిన ఇల్లు. కానీ ఇది ఇప్పట్లో కదిలేలా లేదయ్యా. వేసవి అయిపోతోంది. కింద ఉత్త స్థలం వీళ్ళకి వద్దు. చలికాలానికి నేను పైన ఉండాలి. అమ్మెయ్యి. ఆ డబ్బుతో పైన ఏదైనా ఇల్లు కొందాం," అంది.

రోసమెల్ వచ్చి డాక్టరు చేతిలో చెయ్యి వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు అతను జనం వైపు తిరిగి, "ఏమర్రా, పైన ఎవరిదైనా ఖాళీ ఇల్లు ఉందా అమ్మకానికి?" అని అడిగాడు.

ఒక్కటి కాదు, అయిదున్నాయట. మొదటివాడు మూడున్నర కోట్లు అన్నాడు. రెండోవాడు కూడా మూడున్నరే అన్నాడు. మూడోవాడి ఇంటికి కప్పు సగమే ఉంది, అయినా మూడున్నర. రోసమెల్‌కి ఎంత ముట్టిందో ఎనభై మందీ చెవులారా విన్నారు. అంతకంటే ఒక్క పెసో ఎక్కువ అడిగితే పాపం, తక్కువ అడిగితే తెలివితక్కువ. రోసమెల్ జన్మలో మొదటిసారి కొనేవాడయ్యాడు. తన కాళ్ళకి ఉన్న చెప్పుల వంక అందరూ ఎందుకు చూస్తున్నారో అతనికి కాస్త ఆలస్యంగా అర్థమైంది.

"బావా," అన్నాడు సొఫనోర్ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి. "మా అమ్మ ఇల్లు ఖాళీగానే ఉంది కదా. ఆరోగ్య కేంద్రానికి ఆనుకునే ఉంది. లాగక్కర్లేదు, పొయ్యి కూడా ఉంది. నువ్వు కాబట్టి, మన చుట్టరికం కాబట్టి—"

"ఎంత?"

"మూడున్నర."

రోసమెల్ కోపంతో నోరు తెరిచాడు. కిటికీలోంచి "కొను!" అని వినబడింది. నోరు మూశాడు.

ఆ తర్వాత గొయ్యి తెరిచారు. భోజనం కిందికి మోసుకొచ్చి, అమ్ముడైన ఇంటి చుట్టూ గడ్డి మీదే కూర్చుని తిన్నారు. డాక్టరు ఆపిల్ కల్లు మూడు గ్లాసులు తాగి, సొఫనోర్ పన్నొకటి ఉచితంగా చూసిపెట్టాడు. త్రినిదాద్ ఔదోలియా చేతులు పట్టుకుని, ఏమీ మార్చనని ఒట్టేసింది. ఎనభై మంది తిన్న ఖర్చు రోసమెల్‌ది. కంపలు కొట్టిన కూలి రోసమెల్‌ది. ఏడు కోట్లు మాత్రం, ఎటు తిరిగి లెక్క చూసినా, సొఫనోర్ జేబులోనే తేలాయి. ఔదోలియా ఎద్దులు లాగే చెక్కబండి మీద కూర్చుని దర్జాగా పైకి వెళ్ళింది. అత్తగారి కాలం నాటి ఇల్లు ఒకటి వదిలి, సొఫనోర్ తల్లి కాలం నాటి ఇంట్లో కాలు పెట్టి, కిటికీలోంచి ఆరోగ్య కేంద్రం తలుపు కనబడుతోందో లేదో ముందు చూసుకుంది. కనబడుతోంది. అప్పుడు నవ్వింది.

ఒడ్డున ఉన్న స్థలం ముందు ఆ వారంలో ఇంకో రెండు కార్లు ఆగాయి. "ఇల్లు లేదా? ఉత్త స్థలమేనా?" అని అడిగి, ధర వినకుండానే అద్దం ఎత్తేసుకున్నారు.

అసలు సంగతి ఆదివారం మొదలైంది. ప్రార్థన అయ్యాక రోసమెల్ కొత్త గడప ముందు నలుగురు మనుషులు టోపీలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళందరి గేట్లకీ రెండేళ్ళుగా బోర్డులున్నాయి. వాళ్ళందరూ గురువారం కళ్ళారా చూశారు: ఒడ్డున స్థలం ఎవరికీ అక్కర్లేదు, వాలు మీద నేల ఎవరికీ అక్కర్లేదు, కానీ ఒడ్డున ఇంటిని తీసుకెళ్ళి వాలు మీద పెడితే పూటలో ఏడు కోట్లు.

"రోసమెల్ గారూ," అన్నాడు వాళ్ళలో ముందున్నవాడు. "శనివారం మా ఇల్లు లాగుతున్నాం. సగం వాలు దాకా చాలు. మీరు రావాలి."

"అబ్బాయీ, అది అలా కాదురా, ఆ రోజు ఏం జరిగిందంటే—" అని రోసమెల్ చెప్పబోయాడు.

"మీ ఇల్లు లాగినప్పుడు మేం వచ్చాం కదండీ," అన్నాడతను.

రోసమెల్ ఆ శనివారం వెళ్ళాడు. ఆదివారం ఇంకొకరిది. తర్వాతి వారం మూడు. సొఫనోర్ తన ఎద్దులకి సాయంగా ఇంకో రెండు జతలు కొన్నాడు. సార్జెంట్ మన్సీయా అరచేతులకి గుడ్డలు చుట్టుకునే డ్యూటీకి వస్తున్నాడు. ప్రతి ఇంటివాడూ తన ఇంటిని సరిగ్గా సగం దూరంలో ఆపించి, కిటికీలోంచి మంచుకొండ కనబడుతోందో లేదో చూసుకుని, ఎందుకైనా మంచిదని ఒడ్డున ఒక పొయ్యి వదిలేసి వచ్చాడు.

మార్చి మొదటి వాన పడేసరికి పుల్కావ్ వాలు మీద పదకొండు ఇళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. కొనేవాళ్ళందరూ శాంతియాగోలో ఉన్నారు.